మైదానంలో పాట, మంచం పక్కన పాట

తమ్ముడు: ముందే చెబుతున్నానక్కా, కచేరీలకు వెళ్లడం తప్పని నేననను. వెళ్లొచ్చినవాళ్లకే పాట తెలుసన్నట్టు మాట్లాడతారు చూడు, నా పేచీ దానితో. నువ్వు మెటాలికాను బెంగళూరులో చూశావు, నేను చూడలేదు. అంతమాత్రాన ‘వన్’ అనే పాట నాకంటే నీకు ఎక్కువ తెలుసంటే ఒప్పుకోను.

అక్క: ఆ మాట నేనెప్పుడన్నాను?

తమ్ముడు: అనలేదు. ఆ పాట ఎక్కడ మోగినా “నువ్వు అక్కడ ఉండాల్సిందిరా” అంటావు. రెండూ ఒకటే.

అక్క: జాలిపడి అన్నాను, గొప్పకి కాదు. సరే, పేచీ అన్నావు గనక తేల్చుకుందాం. 2011 అక్టోబరు 30, ప్యాలెస్ గ్రౌండ్స్. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో ఆరుగురం వెళ్లాం. అంతకుముందే గుర్గావ్ షో ఆగిపోయింది. ఇదైనా జరుగుతుందా అని బస్సులో ఒక్కరికీ కన్ను మూతపడలేదు. ఇంట్లో స్నేహితురాలి పెళ్లని చెప్పాను. నాన్న స్కూటర్ మీద బస్సు దాకా దింపి, నన్ను ఎగాదిగా చూసి, “పెళ్లికి నల్ల టీషర్టా?” అన్నాడు. అంతే. జేబులోంచి ఐదొందలు తీసి చేతిలో పెట్టి స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇక ఆ పాట. లైట్లన్నీ ఆర్పేశారు. చీకట్లో తుపాకుల మోత, బాంబుల మోత. ఆ తర్వాత ఒక్క గిటారు, మెల్లగా. అప్పటిదాకా గొంతు చించుకున్న వేలమంది నోళ్లు మూతపడ్డాయి. నువ్వు ఇంట్లో ఎంత సౌండు పెట్టుకున్నా అంతమంది ఒక్కసారిగా మౌనమైతే ఎలా ఉంటుందో నీకు తెలుస్తుందా?

తమ్ముడు: తెలియదు. అయితే ఆ పాట దేని గురించో చూడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబు పడి కాళ్లు, చేతులు, కళ్లు, చెవులు, నోరు పోగొట్టుకున్న సైనికుడు. బతికే ఉన్నాడు, బుర్ర పనిచేస్తోంది, లోపల ఉన్నది బయటికి చెప్పే దారి లేదు. డాల్టన్ ట్రంబో 1939లో రాసిన ‘జానీ గాట్ హిజ్ గన్’ నవల అది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికితే కొన్నాను, అట్ట కూడా లేదు. అందులో అతను చివరికి తలను దిండుకేసి కొట్టుకుంటూ మోర్స్ కోడ్‌లో మాట్లాడతాడు. ఏ మోతా వినబడని మనిషి గురించిన పాటను అంత మోత మధ్య విన్నావు నువ్వు. ఆ మనిషి దగ్గరికి కాదక్కా, అతని మీద పడ్డ బాంబు దగ్గరికి వెళ్లొచ్చావు.

అక్క: మాట బాగుంది. కానీ పాట ఏడున్నర నిమిషాలు. మొదటి సగం నువ్వు చెప్పిన మనిషే. తర్వాత డ్రమ్ములు మెషిన్‌గన్‌లా మొదలవుతాయి కదా, ఆ మోత జనం పెట్టింది కాదు, బ్యాండే పెట్టింది. అక్కడ నిలబడితే డబుల్ బేస్ డ్రమ్ము చెవికి కాదు, రొమ్ము ఎముకకు తగులుతుంది. కాగితం మీద మాటలు చదివితే అతని బాధ తెలుస్తుంది. ఆ మోతలో నిలబడితే అతను ఆఖరుసారి విన్నదేమిటో తెలుస్తుంది. రెండోది పాటలో భాగం కాదంటావా?

తమ్ముడు: అననులే. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. పక్కన పెట్టుకుంటాను.

అక్క: పెట్టుకో.

తమ్ముడు: బీటిల్స్ సంగతి చూడు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో వాళ్లను చూడడానికి 55 వేల పైచిలుకు జనం వచ్చారు. ఆ అరుపులకు స్టేజి మీద వాళ్లు వాయించేది వాళ్లకే వినబడలేదు. మరుసటేడు ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో కాండిల్‌స్టిక్ పార్క్‌లో వాయించి, ఇక టూర్లు చాలన్నారు. అప్పుడు ప్రపంచంలో వాళ్లకంటే పెద్ద బ్యాండు లేదు, అలాంటివాళ్లు స్టేజి దిగిపోయారు. దిగి ఏం చేశారు? 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ తెచ్చారు. దాని కవరు వెనక పాటల మాటలన్నీ వరసగా అచ్చువేశారు. అంతకుముందు రాక్ రికార్డుల మీద అలా పూర్తిగా అచ్చువేసే అలవాటు లేదు. స్టేజి దిగాకే వాళ్ల మాటలు జనం చేతికొచ్చాయక్కా. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అక్క: సాక్ష్యమే. కానీ ఆ అరిచింది ఎవరు? ఎక్కువమంది ఆడపిల్లలు. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లు. ఇంట్లో గట్టిగా నవ్వితే “ఏమిటా నవ్వు” అనిపించుకునే వయసు. ఆ పిల్లలు తమ జీవితంలో మొదటిసారి గొంతెత్తి అరిచి ఉంటారు, పక్కన అరిచేవాళ్లు ఇంకో యాభై వేలమంది ఉన్నారు గనక ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు దాన్ని పాటకు అడ్డం అంటున్నావు. నాకేమో ఆ అరుపే ఆ సాయంత్రం పాడిన పాట అనిపిస్తుంది. నువ్వు చిన్నప్పుడు డాబా మీద ఎంత గట్టిగా పాడినా ఎవరూ దిగమనలేదురా. నన్ను దిగమన్నారు.

తమ్ముడు: అది నిజమే. నాకు గుర్తుంది.

అక్క: గుర్తుంటే చాలు. ఇంకోటి, వాళ్ల పాట వినబడకపోవడానికి అరుపులొక్కటే కారణం కాదు, సౌండు లేదు. ఆ టూరుకని ప్రత్యేకంగా చేయించుకున్న యాంప్లిఫయర్లు 100 వాట్లవి. ఇప్పుడు మన వీధి వినాయకుడి మండపం దగ్గర అంతకంటే పెద్దవి పెడుతున్నారు.

తమ్ముడు: ఇప్పుడు సౌండు ఉంది, ఒప్పుకున్నాను. ఎలా ఉందో చూశావా? ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది. స్టేజికి 170 మీటర్ల వెనక కూర్చున్నవాడికి డ్రమ్ము దెబ్బ అర సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకని మధ్యలో స్పీకర్ల టవర్లు నిలబెట్టి, వాటికి పంపే సౌండును లెక్క ప్రకారం ఆలస్యం చేస్తారు, ముందు నుంచి గాల్లో వచ్చే సౌండుతో కలిసేలా. మనిషి ఎలా కనిపిస్తాడంటే, వేలెడంత. మొహం చూడాలంటే పక్కనున్న తెర చూడాలి. అంటే అంత దూరం ప్రయాణం చేసి, అంత డబ్బు పోసి, నువ్వు చూసింది టీవీ, విన్నది స్పీకరు. ఆ రెండూ నా ఇంట్లోనూ ఉన్నాయి.

అక్క: అవే టవర్ల కింద నిలబడినప్పుడు ఇంకోటి జరుగుతుంది, అది నీ లెక్కలో లేదు. జనం పాడే పాట కూడా అంతే ఆలస్యంగా స్టేజికి చేరుతుంది. దాన్ని వింటూ పాడితే తాళం తప్పుతుంది. అందుకే పాడేవాళ్లు చెవుల్లో బిరడాల్లాంటి మానిటర్లు పెట్టుకుంటారు, అందులో తమ బ్యాండు తప్ప ఏదీ వినబడదు. ఎప్పుడైనా గమనించు, జనం గట్టిగా అందుకున్నప్పుడు పాడేవాళ్లు ఒక చెవిలోది పీకేస్తారు. పాడడం ఆపి, తల పక్కకు వంచి వింటారు. వాళ్ల పాట వాళ్లకు వెనక్కి వస్తుంటుంది, అర సెకను లేటుగా. నీ హెడ్‌ఫోన్స్ నుంచి వాళ్లకు ఏం వెళుతుంది?

తమ్ముడు: ఏమీ వెళ్లదు. వెళ్లాల్సిన అవసరమూ లేదు. పుస్తకం చదివి రచయితకు వినబడేలా అరుస్తామా? అదలా ఉంచు, వెనక్కి వెళ్లేది సరైన పాటేనా అని నా అనుమానం. స్ప్రింగ్‌స్టీన్ ‘బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.’, 1984. వియత్నాం యుద్ధం నుంచి వచ్చి, ఉద్యోగం లేక, ఎటూ పోలేక మిగిలిపోయినవాడి గోడు. పల్లవి మాత్రం పిడికిలి ఎత్తేలా ఉంటుంది. స్టేడియాల్లో జనం ఆ పల్లవి పట్టుకుని జెండాలూపారు. చరణాల్లోని మనిషిని వదిలేశారు. ఎన్నికల ప్రచారంలో ఉన్న రీగన్ న్యూజెర్సీలో మాట్లాడుతూ స్ప్రింగ్‌స్టీన్ పేరు ఎత్తి, ఆయన పాటల్లో దేశానికి ఆశ ఉందన్నట్టు పొగిడాడు. గుంపుకు పల్లవే వినబడుతుందక్కా. చరణం వినబడాలంటే కూర్చోవాలి, ఒక్కడే కూర్చోవాలి.

అక్క: అది తప్పు వినడమేనని నేనూ ఒప్పుకుంటాను. నీ పక్షంలో ఇదే గట్టి మాట. కానీ ఆ తప్పును ఆయన ఎక్కడ దిద్దాడు? కవరు మీద అర్థతాత్పర్యాలు అచ్చువేసి కాదు. పదేళ్ల తర్వాత ఒక్కడే, ఒక్క గిటారుతో, బ్యాండు లేకుండా అదే పాటను స్టేజి మీద పాడాడు. పల్లవిలో ఊపు తీసేశాడు. అప్పుడు మనిషి కనిపించాడు.

తమ్ముడు: చిన్న థియేటర్లలో పాడాడు, స్టేడియాల్లో కాదు. పైగా పాడే ముందు దయచేసి నిశ్శబ్దంగా ఉండండని జనాన్ని అడిగేవాడు. అంటే గుంపు గుంపుగా ఉన్నంతసేపూ పాట అర్థం కాలేదు. నువ్వు నాకే సాయం చేస్తున్నావు.

అక్క: చేస్తే చేశాలే. నువ్వు కూడా ఏదో ఒకప్పుడు చేస్తావు. నీ చేతిలో కాగితం ఉంది గనక అర్థం ఒకటే అనుకుంటున్నావు, అదీ నీ చిక్కు. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ విషయంలో నన్నెంత ఏడిపించావో మర్చిపోయావా?

తమ్ముడు: అది రాజకీయ నాయకుల మీద పాట అనుకున్నావు నువ్వు! మత్తుమందు మనిషిని తోలుబొమ్మలా ఆడించడం గురించిన పాట అది. 1986 నుంచి ప్రపంచమంతా అలాగే చెప్పుకుంటోంది.

అక్క: నువ్వు అలా ఏడిపించిన ఏడాది మా ఆఫీసులో సగం మందిని తీసేశారు. ఎవరిని తీసేయాలో పైన ఎవరో ఎక్కడో కూర్చుని తేల్చారు, మా మేనేజరుకు కూడా తెలియదు. ఆ వారమంతా ఆ పాటే విన్నాను. మత్తుమందు నాకు తెలియదు, తీగ ఎవరో పట్టుకుని లాగడం తెలుసు. నీకు తప్పనిపించిన అర్థం నన్ను ఆ వారం గట్టెక్కించింది.

తమ్ముడు: గట్టెక్కించింది అంటే కాదననక్కా. కానీ తలనొప్పికి కడుపునొప్పి మాత్ర వేసుకుని తగ్గిందన్నట్టుంది. తగ్గడం నిజమే, మాత్ర మాత్రం దానిది కాదు. రాసినవాడికి మనం కొంత బాకీ ఉంటాం. అతను ఏ మాట ఎందుకు వేశాడో తెలుసుకునే ఓపికైనా చూపించాలి. ఆ ఓపిక నేర్పేది కచేరీ కాదు. మన దగ్గర క్యాసెట్ల లోపలి కాగితం మీద చాలాసార్లు పాటల మాటలు ఉండేవి కావు. ఇంటర్నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు పోసి, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాను. చేత్తో రాస్తే ఒక్కో మాట దగ్గర ఆగుతాం. ఆ ఆగడం దగ్గరే నాకు పాటలు దొరికాయి.

అక్క: ఆ నోట్‌బుక్ నేనూ చూశాను. ఎర్ర సిరాతో పల్లవి, నీలం సిరాతో చరణం. పరీక్షలకు కూడా అంత శుభ్రంగా రాసి ఉండవు. నీ ఓపికను తక్కువ చేయడం లేదురా. కానీ రాసినవాడి ఉద్దేశమే ఆఖరు మాటైతే ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ మన దాకా వచ్చేదే కాదు. టూర్ల మీద ఊళ్లు తిరుగుతూ, ఇంటి దగ్గరున్న అమ్మాయితో ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతూ, రెండో చేత్తో ఉత్త తీగలు మీటుకున్నాడు మెటాలికా పాటగాడు హెట్‌ఫీల్డ్. అక్కడ పుట్టింది ఆ పాట. బయటపెట్టే ఉద్దేశం లేదు, అతని సొంతానిది. 1991లో ఆల్బమ్‌లో వచ్చింది. బెంగళూరులో అది మొదలవగానే నా పక్కనున్న కుర్రాడు, ముక్కూ మొహం తెలియనివాడు, ఫోను తీసి ఎవరికో కలిపి పైకెత్తి పట్టుకున్నాడు. అవతల ఎవరున్నారో నాకు తెలియదు. ఫోను మీద పుట్టిన పాటను ఫోనుకే అప్పజెప్పాడు. వాడికి ఆ కథ తెలుసో లేదో. అర్థం మాత్రం వాడికి తెలియదంటావా?

తమ్ముడు: తెలియదనను. ఆ ఫోను ఎత్తినవాడికి అవతల వినబడింది గరగర తప్ప ఇంకేమీ ఉండదని మాత్రం అంటాను.

అక్క: గరగరే. అదీ చాలుతుంది ఒక్కోసారి.

తమ్ముడు: సరే, మంచి గుంపు కథలు చెప్పావు. చెడ్డవీ చెప్పుకోవాలి. 1977 జులై 6న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో పింక్ ఫ్లాయిడ్ వాయిస్తుంటే, ముందు వరస గోలకు విసుగెత్తి రోజర్ వాటర్స్ ఒక అభిమాని మీద ఉమ్మేశాడు. తర్వాత తనమీద తనకే రోత పుట్టింది. నాకూ వినేవాళ్లకూ మధ్య గోడ ఉందన్న ఆలోచన అక్కడ మొదలై, 1979లో ‘ది వాల్’ అయింది. వాళ్ల పాటల్లో నువ్వూ నేనూ ఎక్కువగా విన్న ఆల్బమ్ అదే, అది స్టేడియం మీద అసహ్యంలోంచి పుట్టింది.

అక్క: ఆ గోడ ఎక్కడ కట్టాడు? ఇంట్లో కట్టుకోలేదు కదా! 1980లో ఆ షో చేసినప్పుడు జనం కళ్లముందే, పాట మీద పాట జరుగుతుండగా, అట్టపెట్టె ఇటుకలు ఒక్కోటీ పేర్చుకుంటూ పోయారు. మొదటి సగం అయ్యేసరికి బ్యాండు కనబడదు, గోడే కనబడుతుంది. గోడ వెనక నుంచి పాట వస్తుంటుంది. చివర్లో గోడ కూలుతుంది. మీకూ నాకూ మధ్య ఏదో అడ్డం ఉంది అని చెప్పడానికి కూడా వాటర్స్‌కు జనం ఎదురుగా కావలసి వచ్చారు. ఇక అందులోని ఆ స్కూలు పిల్లల పాట. కేంబ్రిడ్జ్‌లో తను చదివిన బడి మీద కోపంతో రాసుకున్నాడు. 1980లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి పిల్లలు తమకు పనికిమాలిన చదువు చెబుతున్నారని బడులు మానేసి వీధుల్లో దాన్ని పాడారు. ప్రభుత్వం పాటను నిషేధించింది. కేంబ్రిడ్జ్ బడి ఆ పిల్లలకెందుకు? పాడుకున్నారు, వాళ్లదైంది. అదీ తలనొప్పికి కడుపునొప్పి మాత్రేనా?

తమ్ముడు: కాదు. ఈ ఒక్కటి నేను కాదనలేను. నీ ఆఫీసు సంగతిలో కూడా కొంచెం తొందరపడ్డానేమో.

అక్క: పడ్డావు.

తమ్ముడు: అయితే ఆ పిల్లలు టికెట్టు కొని వెళ్లలేదు చూడు. వాళ్లు పాడింది వాళ్ల వీధిలో. నువ్వు పొగుడుతున్నది నలుగురూ కలిసి పాడుకోవడాన్ని, నేను అడుగుతున్నది డబ్బిచ్చి చూసే షో గురించి. 2025 జనవరిలో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే రెండు రోజులు వాయించింది, రోజుకు లక్ష మందికి పైగా. టికెట్లు అమ్మిన రోజు నువ్వు ఆఫీసు మానేసి కంప్యూటరు ముందు కూర్చుంటే నీ ముందు ఎన్ని లక్షల మంది ఉన్నారని చూపించింది?

అక్క: అది గుర్తుచేయకు. నా వంతు వచ్చేసరికి అంతా అయిపోయింది. సాయంత్రానికి అవే టికెట్లు ఇంకోచోట ఐదింతలకు కనబడ్డాయి.

తమ్ముడు: రెండో రోజు షో ఓటీటీలో లైవ్ వచ్చింది, నేను సోఫాలో కూర్చుని చూశాను. పాట వినబడింది, మొహాలు కనబడ్డాయి. జనంలో సగం మంది చేతుల్లో ఫోన్లు. వాళ్లు కూడా తెరమీదే చూస్తున్నారు, నాకంటే చిన్న తెరమీద.

అక్క: చూశావు కదా, ఒక్క పాట పేరు చెప్పు, ఆ రాత్రి నీ ఒళ్లు జలదరించింది ఏది?

తమ్ముడు: మధ్యలో అన్నం తినడానికి లేచాను.

అక్క: అదీ సంగతి.

తమ్ముడు: అన్నం తినడం తప్పా? సరే. మన భాష దగ్గరికే వస్తా. అదే ఏడాది ఫిబ్రవరి 9న బెంగళూరులో ఎడ్ షీరన్ షోలోకి శిల్పారావు వచ్చింది, ఇద్దరూ కలిసి ‘చుట్టమల్లె’ అందుకున్నారు. ఎడ్ షీరన్ నోట తెలుగు! మైదానం ఊగిపోయింది, మన ఫోన్లన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. రామజోగయ్యశాస్త్రి రాసిన మాటల్ని తెలుగు రాని మనిషి పలికాడు. ఆ మాటల్లో ఏముందో ఆ అరిచినవాళ్లలో ఎంతమంది పట్టించుకున్నారు? తెలుగు వినబడింది, అరిచారు. అర్థం అక్కడ సున్నా.

అక్క: సున్నా ఎందుకవుతుంది? పదేళ్లుగా వాళ్ల మాటల్ని మనం బట్టీ పట్టి పాడుతున్నాం, నోరు తిరిగినా తిరగకపోయినా. ఆ ఒక్కరోజు అతను మన మాటల్ని నోరు తిరగక పాడాడు. దానికే అరిచారు. పాట మాటల్లో లేని అర్థం అది, నిజమే. లేని అర్థం కాదు. ఇంకా వెనక్కి వెళదాం, త్యాగరాజస్వామి దగ్గరికి. ఏటా పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది కూర్చుని ఒక్క గొంతుతో పంచరత్నాలు పాడతారు. ఐదింట్లో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. పాడేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. వాళ్ల కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూశాను. ఆ నీళ్లు ఏ నిఘంటువులోంచి వచ్చాయి?

తమ్ముడు: నీళ్లు నేను కాదనను. కానీ తెలుగువాడిగా వింటే ఒక్కోచోట ప్రాణం ఉసూరుమంటుంది. మాటను ఎక్కడపడితే అక్కడ విరిచేస్తారు, సగం మాట ఈ ఆవర్తంలో, సగం అవతల. ఆయన రాముణ్ణి నిలదీసి అడిగిన మాట కాస్తా ఒట్టి రాగమైపోతుంది. స్వామి ఏమన్నాడో ఈ రోజు మనకు తెలుస్తోందంటే ఎవరి పుణ్యం? కూర్చుని రాసిపెట్టిన శిష్యులది. వాలాజాపేట వాళ్ల రాతప్రతులు లేకపోతే ఎన్ని కీర్తనలు గాలికి పోయేవో.

అక్క: రాసిపెట్టారు. ఆ తర్వాత? పాడేవాళ్లు లేకపోతే ఆ కాగితాలు చెదలకు పోయేవి. నిలబెట్టింది మాట విరిచే ఆ తమిళులే. మనం అర్థం తెలిసినవాళ్లం, మన ఊళ్లో ఎంతమందిమి పాడుకుంటున్నాం చెప్పు?

తమ్ముడు: దెబ్బ తగిలింది. అయినా ఒకటి గమనించావా, పాట మాటలకూ సాహిత్యానికీ మనకు ఒకటే మాట. పాట రాసినవాడికి నోబెల్ ఇవ్వొచ్చా లేదా అని 2016లో వాళ్లు కొట్టుకున్నారు. మనకు ఆ గొడవే లేదు.

అక్క: నువ్వే ఎత్తావు గనక చెబుతా. బాబ్ డిలన్ మరుసటేడు ఇచ్చిన నోబెల్ ప్రసంగంలో ఏమన్నాడు? పాటలు పాడడానికి పుట్టాయి, చదవడానికి కాదన్నాడు. షేక్‌స్పియర్ మాటలు స్టేజి మీద ఆడడానికి పుట్టినట్టే అన్నాడు. సాహిత్యానికి బహుమతి తీసుకుంటూ అన్న మాట అది.

తమ్ముడు: ఆయన కచేరీకి వెళ్లొచ్చినవాళ్లను అడుగు. తన పాటల వరసలు తనే మార్చేస్తాడు. సగం అయ్యేదాకా అది ఏ పాటో జనానికి పోల్చుకోవడమే కష్టం. పాడడానికి పుట్టిన పాట పాడుతుంటే గుర్తుపట్టలేకపోతే ఎలా?

అక్క: ఇరవై రెండేళ్లప్పుడు అన్న మాటను ఎనభై దాటాక అదే గొంతుతో ఎలా అంటాడురా? మారిన మనిషి మారిన పాట పాడుతున్నాడు. నీ నోట్‌బుక్‌లో మాత్రం ఆయనకు ఎప్పటికీ ఇరవై రెండేళ్లే.

తమ్ముడు: నా నోట్‌బుక్‌లో నాకూ పంతొమ్మిదేళ్లే. కానీ పాట అక్కడే ఆగిపోయిందనుకోకు. మొదట పక్కన పెట్టుకున్న జవాబు ఇప్పుడు చెబుతాను. నాన్నకు పక్షవాతం వచ్చాక రాత్రిళ్లు నేను కూర్చునేవాణ్ణి కదా. మాట పోయింది, కుడివైపు పోయింది. ఎడమ చేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. దానితో మంచంపట్టె మీద తట్టేవాడు. ఒకటి తడితే మంచినీళ్లు, రెండు తడితే ఒత్తిగిలించమని. అది మనం పెట్టిన లెక్క. మూడో రకం ఒకటుండేది. నాలుగైదు దెబ్బలు, ఆగి మళ్లీ రెండు. అదేమిటో నాకు తెలియలేదు. నీళ్లా అంటే కాదు, దుప్పటా అంటే కాదు, ఫ్యానా అంటే కళ్లు మూసుకునేవాడు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు నిద్ర ఆపుకోవడానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే, దాని ఇష్టం వచ్చిన పాట వేసింది ఆ ఫోను, ‘వన్’. వెయ్యిసార్లు విన్న పాట. మొదటి చరణం కాకముందే తీసి పక్కన పడేశాను. నవల చదివాను, మాటలు రాసుకున్నాను, మోర్స్ సంగతి నలుగురికీ చెప్పాను. ఎదురుగా మనిషి తడుతున్నాడు. నాకు చదవడం రాలేదు. ఆ పాట ఏమిటో ఆ రాత్రి తెలిసింది నాకు. చెప్పక్కా, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వేలమంది మధ్య అది దొరికేదా?

అక్క: దొరికేది కాదు.

తమ్ముడు: నిన్ను ఓడించాలని చెప్పలేదు.

అక్క: తెలుసు. పగలు కూర్చున్నది నేను. ఆ మూడో రకం నాకూ తట్టాడు. ఒకరోజు ఉతికిన బట్టలు లేక బీరువా అడుగున ఏది దొరికితే అది వేసుకుని వెళ్లాను, ఆ నల్ల టీషర్టు. నాన్న దాన్నే చూస్తూ తట్టాడు. నాలుగైదు, ఆగి రెండు. పెళ్లి ఎలా జరిగిందని అడుగుతున్నాడనుకున్నాను. అదే అడిగాడో, పక్కకు జరగమన్నాడో, ఏమో. అప్పుడు కూర్చుని మొత్తం చెప్పాను. బస్సు, గుర్గావ్ భయం, గేటు దగ్గర తోపులాట, లైట్లు ఆర్పడం, ఆ మౌనం, ఫోనెత్తిన కుర్రాడు, అన్నీ. ఆయన ఇచ్చిన ఐదొందలతో ఏం తిన్నామో కూడా. గంట పట్టింది. అంతసేపూ వేలు కదపలేదు.

తమ్ముడు: నాకెప్పుడూ చెప్పలేదే?

అక్క: నువ్వెప్పుడూ అడగలేదు. “ఏం షోలే” అనేవాడివి.

తమ్ముడు: అయితే నాన్నకు నువ్విచ్చింది కూడా మాటలే కదా. షో కాదు, షో గురించి మాటలు. వాటినే విన్నాడు ఆయన.

అక్క: వెళ్లి ఉండకపోతే ఆ గంట ఏం చెప్పేదాన్నిరా?

తమ్ముడు: ...నిజమే. కానీ నేను చదవకపోయి ఉంటే, ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ తీసి పడేసేవాణ్ణి కాదు. వినేసి ఊరుకునేవాణ్ణి.

అక్క: అదీ నిజమే. మెటాలికా వాళ్లు మళ్లీ వస్తే వస్తావా?

తమ్ముడు: వస్తాను. ఆ పాట మొదలైతే మాత్రం, లైట్లు ఆర్పక ముందే బయటికి వెళ్లి నిలబడతానేమో. నువ్వు?

అక్క: నాకూ లోపల నిలబడగలనన్న నమ్మకం ఇప్పుడు లేదు. అక్కడే విన్నదాన్ని, అయినా లేదు. పోనీ, ఇప్పుడా బెంగ ఎందుకులే. 2011లో బెంగళూరు నుంచి వెళ్లాక వాళ్లు ఇప్పటిదాకా మన దేశానికి మళ్లీ రాలేదు.